కుట్టు మీద కాన్పు

గర్శకుర్తి
రాఖీ పున్నం తెల్లారి

బిడ్డ కోమలకు మీ బాపు అంతయ్య తన చేత్తోనే రాస్తున్న జాబు. మేము బాగున్నం. మీరు బాగుండాలె.

నువ్వు ఫోన్ చేసినవంట. మీ అవ్వ తీసుకొచ్చి నా చెవికి పెట్టింది. ఇన్నేండ్లు సాంచాల నడుమ నిలబడ్డ చెవులు, ఆ కరెంటు మగ్గాల మోతకే చచ్చినయి, అందుల నీ మాట ఏం చొరబడుతది. దోమ మోగినట్టు మోగింది. నేను ఊఁ ఊఁ అన్న. తర్వాత మీ అవ్వ చేతులు తిప్పి చెప్పింది. కడుపుతోటి ఉన్న నీకు షుగర్ వచ్చిందని ఒకటి. ఈసారి ఆపరేషన్ వద్దు, మామూలు కాన్పే కావాలె అంటున్నవని ఇంకొకటి. చేతులు తప్పు తిప్పిందేమో అనుకొని మళ్ల అడిగిన. మళ్ల అదే తిప్పింది.

షుగర్ ముసలోళ్ల రోగం. మన ఇంట్ల ఎవలికి లేదు. మీ బోథ్ నీళ్లల్లనే ఏమన్న ఉండాలె.

ఇగ రెండో సంగతి. మన్విత పుట్టినప్పుడు నీకు పొట్ట కోసిన్రు. పిల్ల కాళ్లు కిందికి ఉన్నయని కోసిన్రు. ఒకసారి కోసినంక మళ్ల కోసుడే. ఇది మన వాడకట్టుల ఎవలిని అడిగినా చెప్తరు. నేను లక్ష్మీరాజం పంతులు దగ్గరికి పోయి గడియ పెట్టించిన. దీపావళి ముంగట ధనత్రయోదశి, పొద్దుగాల. ఆ గడియల పుట్టిన పిల్ల ఒకల కింద పని చెయ్యదన్నడు. కరీంనగర్ల దవాఖానకు పోయి ఆ దినం మాకే అని చెప్పి వచ్చిన. దసరా కాంగనే బయలుదేరి రా. ఎదురు చెప్పకు.

తెగిన పోగును అతుకుతం. అతికిన జాగల గట్టిగ గుంజితె మళ్ల అక్కడనే తెగుతది. నేను రాత్రి బడిల నాలుగు అచ్చరాలు నేర్చుకున్నోన్ని. గని ఇది నాకు ఎవలు నేర్పనవసరం లేదు.

మీ బాపు
అంతయ్య


బోథ్
28 ఆగస్టు 2024

బాపుకు, అవ్వకు నమస్కారం.

ఇక ఫోన్ చెయ్యను. నీతోని మాట్లాడాలంటే పక్కింటివాళ్లు నీ చెవి దగ్గర అరవాలి. నా కడుపు సంగతి ఊరంతా వినాల్సిన పని లేదు. జాబే రాస్త. నువ్వు అవ్వకు చదివి వినిపించు. నీకు నచ్చనివి కూడా చదువు.

ఇది నీళ్లతోని వచ్చింది కాదు బాపూ. కడుపుతో ఉన్నప్పుడు కొందరికి వస్తది, కాన్పయినంక చాలామందికి పోతది. హద్దులో పెట్టుకోకపోతే కడుపులో పిల్ల లావెక్కుతది, పుట్టడం కష్టమైతది, పుట్టిన గంటల్లోనే పిల్లకు షుగర్ పడిపోవచ్చు. అందుకే తిండి జాగ్రత్తగా తినుమన్నరు.

మామూలు కాన్పు కావాలని డాక్టరమ్మను నేనే అడిగిన. ఆమె ఊరికే సరే అనలేదు. మొదటి ఆపరేషన్ కాగితం చూసింది. కోత పొత్తికడుపు కింద అడ్డంగా ఉంది, అది మంచిదే అన్నది. అప్పుడు పిల్ల ఎదురుకాళ్లతో ఉంది, ఇప్పుడు ఆ అడ్డంకి లేదు, మధ్యలో నాలుగేళ్ల ఎడం ఉంది, నీలాంటివాళ్లకు ఎక్కువమందికి అయితది అన్నది. భయపెట్టే మాట కూడా దాచలేదు. నొప్పులప్పుడు పాత కుట్టు విడిపోవచ్చు. అరుదుగానే జరుగుతది, కానీ జరిగితే తల్లికీ పిల్లకూ ప్రాణం మీదికి వస్తది. అందుకని వెంటనే ఆపరేషన్ చెయ్యగలిగే దవాఖానలోనే ఉండాలి, రక్తం సిద్ధంగా ఉండాలి, నొప్పులు వాటంతట అవే రావాలి, షుగర్ హద్దు దాటొద్దు. వీటిలో ఏది తప్పినా కోస్త అన్నది. ఒప్పుకున్న.

ఎందుకింత పట్టుదల అని నువ్వు అడగలేదు, అయినా చెప్త. మన్విత పుట్టిన రోజు నీకు గడియ గుర్తుంది. నాకు దాహం గుర్తుంది. ఆ దినమంతా తిండి లేదు, గుక్కెడు నీళ్లు పొయ్యలేదు, తడిబట్టతో పెదాలు తుడిచి ఊరుకున్నరు. పిల్ల పక్కనే ఏడుస్తుంటే అటు తిరగలేకపోయిన. తర్వాత కుట్టు చీము పట్టింది. నా బిడ్డను నేను ఎత్తుకోవడానికి నెలలు పట్టింది. దుకాణంలో మిషన్ మీద కూర్చోలేక తెచ్చిన జాకెట్లు వెనక్కి పంపిన. ఆ కష్టం మళ్లీ తప్పించుకునే దారి ఉందంటే అడగొద్దా?

ఒక్క సాయం కావాలి. చివరి నెల ఆదిలాబాద్‌లోనే, దవాఖాన దగ్గరే ఉండుమన్నరు. ఇక్కడ నొప్పులు మొదలైతే బోథ్ నుండి పోయేసరికి ఏమన్నా కావచ్చు. మీ అల్లుడు దుకాణం చూసుకోవాలి, అత్తమ్మ మన్వితను చూసుకోవాలి. అవ్వ వచ్చి నాతోని ఉంటే అక్కడ గది తీసుకుంట. తోడు లేకపోతే డాక్టరమ్మ ఎదురుచూడదు, తారీకు పెట్టి కోస్తది. అవ్వను పంపు.

నేను పోగును కాను బాపూ. కోసిన ఒళ్లు మళ్లీ కలుస్తది. ముడేసిన పోగు ఎన్నటికీ కలవదు.

కోమల


గర్శకుర్తి
గణపతిని సాగనంపినంక

బిడ్డ కోమలకు.

నీ జాబు మీ అవ్వకు చదివిన. ఆదిలాబాద్ల గది, అవ్వను పంపు అన్న కాడ కండ్లు మసకలయినయి. దాటేసి కింద నీ పేరు చదివిన.

మీ అవ్వను పంప. కుట్టు విడిపోవచ్చని డాక్టరమ్మ తన నోటితోనే చెప్పినంక నీకు ఇంకేం కావాలె. అరుదుగనే అన్నదంట. ఆ అరుదు ఎవలింట్ల పడితె వాళ్లకు అది మొత్తం. నువ్వు అక్కడ కష్టపడుతుంటె మీ అవ్వ తలుపు కాడ కూసోవాల్నా. దానికి నేను తొవ్వ ఖర్చు పెట్టి పంపాల్నా. ఆమె రాకుంటె నీకు తారీకు పెడతరు కదా. పెట్టనీ. ఆ తారీకు ధనత్రయోదశి కావాలె. అంతే.

జాకెట్లు కుట్టేదానికి డాక్టరు చదువు వచ్చిందని పక్క సాంచాల అంజన్న నవ్విండు. వాని మొఖం మీద నేనేం అనలే. మనసుల మాత్రం నా బిడ్డ నీకంటె తెలివిగలదేరా అనుకున్న. ఇది నీకు రాయాలనుకోలే, రాసిన.

మొండిదానివి, వినవు. నా కడుపుల పుట్టినదానివి నా లెక్కనే ఉంటవు. వినవు కాబట్టి ఒక మాట చెప్త. మా అవ్వ ఎనిమిది మందిని ఇంట్లనే కన్నది. ఏడో నెల పడంగనే సగం కడుపే తినేది. తింటె పిల్ల పెరుగుతది, పెరిగితె తొవ్వ పట్టదు అనేది. మీ డాక్టరమ్మ కూడ పిల్ల లావెక్కొద్దనే అంటున్నది. ఇద్దరిది ఒక్కటే మాట. నువ్వూ సగం తిను. రాత్రిపూట మానెయ్యి. షుగర్ దిగుతది, పిల్ల సన్నగుంటది. ఎట్ల కన్నా సులువైతది.

మీ బాపు
అంతయ్య


బోథ్
21 సెప్టెంబర్

బాపుకు, అవ్వకు నమస్కారం.

అందరం బాగున్నం. బతుకమ్మ దగ్గర పడుతుంది కదా, దుకాణంలో ఊపిరాడుత లేదు. కుట్టుకోవడానికి తెచ్చిన బట్టలు కుప్ప పడ్డయి. అత్తమ్మ పొద్దున పెద్ద పెద్ద జొన్న రొట్టెలు చేస్తది, మీ అల్లుడు పప్పుతోని నాలుగు తింటడు. మన్విత రొట్టె ముక్కను పాలలో నానబెట్టి తింటది, గుడ్డు తెల్లది తిని పసుపుది తాతకు దాచిపెట్టు అంటది. ఇక్కడ మొక్కజొన్న కంకులు వచ్చినయి, వీధంతా కాల్చిన వాసన.

నా షుగర్ బాగా దిగింది. చీటీ మీద అంకెలు చూసి డాక్టరమ్మ మెచ్చుకున్నది. ఇట్లనే ఉంటే మామూలు కాన్పుకు ఎదురుచూద్దాం అన్నది. నువ్వు చెప్పినట్టే చేస్తున్న. నీ మాట నేను వినను అంటవు కదా, చూడు.

అవ్వ సంగతి మళ్లీ అడుగుతున్న. ఈసారి కండ్లు మసకలైతే అద్దాలు పెట్టుకొని చదువు.

కోమల


గర్శకుర్తి
ఎంగిలిపూల బతుకమ్మ నాడు

బిడ్డ కోమలకు.

మీ అవ్వ పువ్వులు పేరుస్తున్నది. నేను నీ జాబు పట్టుకొని కూసున్న. ఎన్నిసార్లు చదివినా ఏదో ఒకటి తక్కువైతున్నది.

అల్లుడు ఎన్ని రొట్టెలు తింటడో రాసినవు. మన్విత గుడ్డు ఎట్ల తింటదో రాసినవు. వీధి వాసన రాసినవు. నువ్వు ఏం తింటున్నవో ఒక్క ముక్క లేదు. నీ అచ్చరాలు చిన్నప్పటి నుంచి మేకు కొట్టినట్టు నిలబడేటియి. ఈ జాబుల అన్నీ ఒక దిక్కు ఒరిగి ఉన్నయి.

సగం తినుమన్న. మొత్తం మానుమన్ననా. పొద్దుగాల ఏం తిన్నవు, పగటీలి ఏం తిన్నవు, ఒక్కొక్కటి రాయి. అబద్ధం రాస్తె నాకు తెలుస్తది. వినబడనోనికి కండ్లు ఎక్కువ కనబడుతయి.

గడియ ఇంక నీ పేరు మీదనే ఉన్నది. కరీంనగర్ దవాఖానోళ్లు ఎప్పుడు వస్తరని అడుగుతున్నరు. ఏం చెప్పాలె.

మీ బాపు
అంతయ్య


ఆదిలాబాద్, పెద్ద దవాఖాన
7 అక్టోబర్

బాపుకు.

ఈ జాబు పడుకొని రాస్తున్న, అందుకే ఒరిగి ఉంటది.

దుకాణంలో బట్ట కత్తిరిస్తూ పడిపోయిన. కత్తెర చేతిలోనే ఉందంట, ఎవరికీ తగలలేదు. మీ అల్లుడు జీపులో వేసుకొని ఇక్కడికి తెచ్చిండు. పిల్ల గుండె బాగానే కొట్టుకుంటుంది, ముందు అది చెప్త. ఇప్పుడు నేనూ బాగున్న.

నువ్వు అడిగినవు కదా, రాస్తున్న. పొద్దున చాయ్. పగటీలి అర రొట్టె. రాత్రి ఏం లేదు. ఆకలైతే నీళ్లు తాగి పడుకున్న. అత్తమ్మ ముందర కంచంలో పెట్టుకొని, ఆమె అటు తిరగ్గానే మన్విత కంచంలో వేసిన. అంకె తక్కువ కనబడ్డప్పుడల్లా గెలిచినట్టు అనిపించింది.

డాక్టరమ్మ మూత్రం పరీక్ష చేయించి చాలా కోపానికి వచ్చింది. తిండి లేక ఒళ్లు తన కొవ్వునే కరిగించుకుంటుందంట, అది కడుపులో పిల్లకు మంచిది కాదంట. "షుగర్ ఉన్నోళ్లు ఉపవాసం ఉండాల్నని ఎవలు చెప్పిన్రమ్మా నీకు? నేను మెచ్చుకున్న అంకెలు నీ ఆకలియా?" అన్నది. ఎవరూ చెప్పలేదు, నేనే అనుకున్న అని చెప్పిన.

ఇప్పుడు మూడు పూటలా తినాలి, నడుమ నడుమ కొంచెం కొంచెం తినాలి. జొన్న రొట్టె, పప్పు, ఆకుకూర, గుడ్డు, మజ్జిగ. సరిగ్గా తినేసరికి షుగర్ పైకి వచ్చింది, అందుకని ఇన్సులిన్ సూది మొదలుపెట్టిన్రు. నాకు నేనే పొడుచుకుంటున్న. మామూలు కాన్పు సంగతి అడిగితే ఇప్పుడేం చెప్పను అన్నది. సూదితో హద్దులోకి వస్తే, పిల్ల బరువు మించకపోతే, నొప్పులు తారీకు దాటకుండా వాటంతట అవే వస్తే చూద్దాం అన్నది. మూడు అయితేలు.

మన్వితకు జ్వరమని అత్తమ్మ బోథ్‌కు తిరిగి పోయింది, మీ అల్లుడు దుకాణం చూసుకోవాలి. పక్క మంచం ఆమె వాళ్ల అవ్వ నాకు కూడా చాయ్ తెస్తుంది.

నువ్వు చెప్పినవని చెయ్యలేదు బాపూ. నాకు నచ్చింది కాబట్టి చేసిన.

కోమల


గర్శకుర్తి
దసరా తెల్లారి

బిడ్డ కోమలకు.

నీ జాబు మొత్తం చదివిన. మీ అవ్వకు కూడ మొత్తం చదివిన, పాతవి కూడ తీసి, దాటేసినయి దాటెయ్యకుండ.

అప్పటి సంది మీ అవ్వ నాతోని మాట్లాడుత లేదు. నాకు వినబడదు కాబట్టి ఆ సంగతి తెలువనే లేదు. పండుగ నాడు జమ్మి ఆకు చేతుల పెట్టకుండ గడప మీద పెట్టి పోయింది. అప్పుడు తెలిసింది.

డాక్టరమ్మ మళ్ల అడిగితె మా బాపు చెప్పిండు అని చెప్పు. నా మాటను నీ మాట అని చెప్పుకోకు. నాకు తలవంపులు అని దాచినవేమో. దాస్తెనే నాకు తలవంపులు.

కరీంనగర్ దవాఖానకు పోయి వస్త లేము అని చెప్పిన. పంతులు నొచ్చుకున్నడు. ఆ గడియ మంచిదే అయితె ఆ దినం ఎవలో ఒకలు పుడతరు, వాళ్లకు పనికొస్తది అన్న.

సాంచాలు అంజన్నకు అప్పజెప్పినం. ఎల్లుండి జగిత్యాల, నిర్మల్ మీదికెళ్లి బస్సుల వస్తున్నం, ఇద్దరం. మీ అవ్వ జొన్నపిండి మూట కట్టింది. మీ దిక్కు పిండి మంచిగ ఉండదంట. అల్లునికి గది చూడుమని చెప్పు.

ఆపరేషనే మేలని నేను ఇప్పటికి అంట. మనసు మార్చుకొని వస్త లేను. నీ దగ్గర ఎవలు లేరని వస్తున్న.

మీ బాపు
అంతయ్య


ప్రసూతి గది లోపల
నవంబర్ మొదటి ఆదివారం, పొద్దున

బాపూ, నొప్పులు వచ్చినయి. వాటంతట అవే వచ్చినయి. అవ్వ నా పక్కనే ఉంది. నా పొట్టకు పట్టీ కట్టి పిల్ల గుండె చప్పుడు చూస్తున్నరు. నువ్వు బెంచీ మీద కూర్చో. లోపలికి తొంగి చూడకు, ఇక్కడ ఆడవాళ్లు ఉన్నరు. నీకు వినబడదని నువ్వు గట్టిగ అరుస్తున్నవు, వార్డంతా భయపడుతున్నరు. చీటీ రాసి ఆయమ్మకు ఇయ్యి.

కోమల


బయట బెంచీ
కోమలకు

అరుస్త లేను. తిన్నవా.


లోపల
బాపుకు

ఇప్పుడు నీళ్లే తాగనిస్తరు. అవసరమైతే వెంటనే కొయ్యాలి కదా, అందుకు. మాటిమాటికీ వేలు గుచ్చి షుగర్ చూస్తున్నరు. హద్దులోనే ఉంది. అవ్వ నీకు నమస్కారం పెట్టలేదు, కానీ నువ్వు తిన్నవా అని అడుగుతుంది.


బయట
కోమలకు

నువ్వు తిన్నంక తింట. కుట్టు కాడ నొస్తున్నదా.


లోపల
బాపుకు

నొప్పి వచ్చినప్పుడు అంతటా నొస్తది. నొప్పి పోయినంక కూడా కుట్టు దగ్గర నొప్పి ఆగకపోతే చెప్పుమన్నరు. ఇప్పటిదాకా ఆగుతుంది. ఇక రాయలే


బయట
కోమలకు

రాయకు. పండుకో. నేను ఇక్కడనే ఉన్న. అల్లుడు రక్తం కాగితం పట్టుకొని కిందికి మీదికి తిరుగుతున్నడు. ఒక జాగ కూసోమని చెప్పిన. నా మాట వింట లేడు. అందరు నీ లెక్కనే తయారైన్రు.


లోపల
తాతకు

నేను సిస్టర్ రోజారాణిని. కోమల రాయలేకపోతుంది, ఆమె చెప్తుంటే రాస్తున్న. పిల్ల గుండె కొట్టుకోవడం నెమ్మదించింది. డాక్టరమ్మ ఆమెను పక్కకు తిప్పి పడుకోబెట్టింది. కొంచెం సేపు చూస్తదంట. ఆపరేషన్ గది తెరిచి పెట్టినం, మీ అల్లుడు సంతకం పెట్టిండు. తాతా, ఆమె ఏడుస్తుంది. మా బాపు ఏమంటడో అడుగు అంటుంది.


బయట
బిడ్డా కోమలా

సిస్టరమ్మా, ఇది బిడ్డకు చదివి వినిపించు. గట్టిగ చదువు.

కొయ్యాలని డాక్టరమ్మ అంటె కొయ్యనియ్యి. ఆగుమంటె ఆగు. పంతం నీకు నాకు నడుమ. పిల్లకు దాంతోని పని లేదు. కోస్తె నేను గెలిచినట్టు కాదు, నువ్వు ఓడినట్టు కాదు. ఇంతదూరం వచ్చినవు, నేనైతె సగం తొవ్వలనే బస్సు దిగేటోన్ని. ఏడువకు. ఊపిరి పిల్లకు కావాలె.

మీ బాపు


బయట
సిస్టరమ్మకు

జవాబు రాలే.


బయట
ఎవలన్న చదువున్రి

ఆయమ్మ కనబడుత లేదు. తలుపు మూసిన్రు. అల్లుడు తలుపుకు చెవి ఆనిచ్చి నిలబడ్డడు. ఏం వినబడుతుందో నాకు చెప్తలేడు, చెయ్యి ఎత్తి ఆగుమంటున్నడు. నాకు లోపలి చప్పుడు వినబడదు. పిల్ల ఏడ్చినా వినబడదు. నాకు రాసి పంపున్రి. ఏదైనా రాయున్రి. నేను చదువుకోగల్గుత.

అంతయ్య
కోమల వాళ్ల బాపు


లోపల

బాపూ, ఆకలైతుంది. రొట్టె ఉందా?

ఆడపిల్ల. అందరు చెవులు మూసుకునేటట్టు ఏడుస్తుంది. నీ గొంతే. మడమ గుచ్చి షుగర్ చూసిన్రు, బాగుంది, పాలు పట్టుమన్నరు. పక్కకు తిరిగి పట్టిన.


బయట
బిడ్డ కోమలకు

చీటీల మొదటి ముక్క చదవంగనే తెలిసింది. పొట్ట కోయించుకున్నోళ్లు అప్పుడే రొట్టె అడుగరు.

అల్లుడు కండ్లు తుడుచుకుంటున్నడు, నేను మంచిగనే ఉన్న. పొద్దుగాల మీ అవ్వ చేసిన జొన్న రొట్టెలు నా సంచిల, బట్టల చుట్టి ఒడిల పెట్టుకున్న. ఇంక వెచ్చగనే ఉన్నయి. పప్పు గిన్నె అల్లుని చేతుల పంపుతున్న. నాలుగు రొట్టెలు ఉన్నయి.

సగం కాదు. అన్ని తిను.

మీ బాపు
అంతయ్య